వణికిన ముల్లు: కరణదోష విచారణ

జ్ఞానానికి ప్రామాణ్యం స్వతఃసిద్ధమని, అప్రామాణ్యం మాత్రమే బయటినుండి వచ్చి చేరుతుందని భాట్టమీమాంసకుల సిద్ధాంతం. కన్ను చూచినదానిని జీవుడు మొదట నమ్ముతాడు. నమ్మకుండుటకు రెండే కారణాలు ఉండగలవు. తరువాత కలిగిన మరొక జ్ఞానం మొదటిదానిని తోసిపుచ్చడం ఒకటి, అది బాధకప్రత్యయం. ఆ జ్ఞానాన్ని పుట్టించిన సాధనంలోనే లోపం ఉన్నదని తెలియడం రెండవది, అది కరణదోషజ్ఞానం. కామెర్ల రోగికి తెల్లని శంఖం పచ్చగా కనిపించడం దీనికి శాస్త్రప్రసిద్ధమైన ఉదాహరణ. శంఖంలో పసుపు లేదు, ద్రష్టలో లేదు, నడుమనున్న నేత్రంలో పిత్తం ఉన్నది. దోషం ఎక్కడ ఉన్నదో అక్కడనే దానిని పట్టుకొనడం విచారణలో ఒక సగం. దోషం తొలగిన పిమ్మట కనిపించినదానిని అంగీకరించడం రెండవ సగం. ఈ రెండవదానిని గురించి వేదాంతగోష్ఠులలో అంతగా మాట్లాడుకొనరు.

రాజమహేంద్రవరంలో 30 సంవత్సరాలు సంస్కృతం బోధించి విశ్రాంతి పొందిన ఒక ఆచార్యుల విషయంలో ఈ రెండు సగాలూ ఒక పాత కారు స్పీడోమీటరు మీద జరిగినవి.

ఆచార్యుల వయస్సు 77. వారి కారు 1982లో తయారైన అంబాసిడర్ మార్క్ 4. ఇంగ్లండు దేశపు మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడవ శ్రేణి నమూనాను ఆధారం చేసుకొని, కలకత్తా సమీపంలోని ఉత్తరపారాలో హిందుస్థాన్ మోటార్స్ వారు 1950ల చివరి భాగం నుండి 2014 వరకు నిర్మిస్తూ వచ్చిన వాహనం ఇది. 1489 సీసీ పెట్రోలు ఇంజను, స్టీరింగు పక్కనే గేరు కర్ర, చీర కుచ్చిళ్ళు సర్దుకొని కూర్చొనడానికి అనువైన ఎత్తైన వెనుక సీటు. వారి గృహంలో ఈ చివరిదే ముఖ్యం. ధర్మపత్నికి మోకాళ్ళు వంగవు. ఆటో ఎక్కలేరు, నేలకు దగ్గరగా ఉండే కొత్త కార్లలో కూర్చుంటే లేవలేరు. వారానికి రెండుమార్లు చికిత్సకు ఆమెను తీసుకొని వెళ్ళి తీసుకొని రావడం ఆచార్యులకు సంధ్యావందనంతో సమానమైన నియమంగా ఉండేది. దానిని మరొకరికి అప్పగించడం వారి ఊహకు కూడా రాలేదు.

రెండేళ్ళుగా వారి కుడిచేతికి స్వల్పంగా వణుకు వచ్చినది. సంతకం చేసేటప్పుడు, కాఫీ గ్లాసు అందుకొనేటప్పుడు తెలిసేది. ఇంట్లో ఎవరూ దానిని గురించి ప్రస్తావించేవారు కారు.

హైదరాబాదు నుండి వచ్చిన కుమారుడు ఒకనాడు తండ్రి పక్కన ముందు సీటులో కూర్చున్నాడు. కారు బజారు దాటి విశాలమైన రోడ్డు ఎక్కగానే స్పీడోమీటరు ముల్లు 30కి దిగి, 70కి ఎగిరి, మరల దిగి, గాలిపటం తోకవలె కొట్టుకొనసాగినది. కుమారుడు దానిని చాలాసేపు చూచాడు. తరువాత తండ్రి చేతిని చూచాడు.

"నాన్నగారూ, మీ కాలు యాక్సిలరేటరు మీద నిలవడం లేదు. ముల్లు చూడండి ఎలా కొట్టుకుంటోందో. ఇక మీరు నడపడం మానేయండి. తాళాలు నాకు ఇచ్చేయండి."

వెనుక సీటులో ఉన్న తల్లి ఏమీ అనలేదు. ఆచార్యులు కూడా ఏమీ అనలేదు. కాని ఆ రాత్రి వారికి నిద్ర పట్టలేదు. కుమారుని మాటలో ప్రేమ ఉన్నది, భయం ఉన్నది. అయితే 30 ఏళ్ళు అనుమానఖండం పాఠం చెప్పిన మనస్సుకు అందులోని హేతుదోషమే ముందుగా తోచినది. కంపం ముల్లులో కనిపించినది. కంపం చేతిలో కనిపించినది. ఈ రెండింటిని కలిపి, కనిపించని కాలికి అంటగట్టినది ఎవరు? ప్రాభాకరులైతే దీనిని వివేకాగ్రహం అంటారు: రెండు జ్ఞానాలు కలిగినప్పుడు వాటి నడుమ భేదం గ్రహించకపోవడం. అద్వైతుల పరిభాషలో ఇది ఒకదాని ధర్మాన్ని మరొకదానిపై ఆరోపించే అధ్యాస. కదిలే నీటిలో సూర్యప్రతిబింబం వణికితే ఆకాశంలోని సూర్యుడు వణుకుతున్నాడని తలచడం వంటిది. ముల్లు వణుకు కాలివలననే వచ్చినదా, మరొక కారణం వలన కూడా రాగలదా అన్న పరీక్ష ఇంకా జరగలేదు.

పరీక్ష సులభమే. మరునాడు తెల్లవారుజామున తాళాలు కుమారునికి ఇచ్చి, "నీవు నడుపు" అన్నారు. 40 ఏళ్ళు నిండని ఆ యువకుని కాలు క్రింద కూడా ముల్లు అదే విధంగా కొట్టుకొన్నది. నెమ్మదిగా పోతున్నప్పుడు మరీ ఎక్కువగా, వేగం పెరిగినకొద్దీ కొంత తక్కువగా.

"అయితే కారులోనూ ఏదో ఉంది," అన్నాడు కుమారుడు. ఆ 'లోనూ' అన్నది ఆచార్యుల చెవిని తాకినది. న్యాయంగా చూస్తే ఆ మాట తప్పు కాదు. ముల్లు కుమారుని క్రింద కూడా వణికినది కనుక తండ్రి కాలు దోషి అని చెప్పడానికి ఆధారం పోయినది. నిర్దోషి అని చెప్పడానికి ఆధారం ఇంకా రాలేదు.

జాతీయ రహదారి చేరిన పిమ్మట వారు తమ మీమాంసను కాసేపు పక్కన పెట్టి నైయాయికుల మార్గం పట్టారు. ప్రామాణ్యం కూడా పరతః తెలియవలసినదే, ఇతర జ్ఞానంతో సంవాదం కుదిరితేనే మొదటిది నిజమని నిశ్చయం అన్నది వారి మతం. ఇంజను ధ్వని మారకుండా ఒకే వేగంతో పొమ్మని కుమారునికి చెప్పి, చేతి గడియారం చూస్తూ ఒక కిలోమీటరు రాయి నుండి మూడవ రాయి వరకు లెక్క కట్టారు. 2 కిలోమీటర్లకు 130 సెకన్లు పట్టినవి. అనగా గంటకు 55 కిలోమీటర్లకు పైన కొంచెం. ఆ సమయమంతా ముల్లు 40కి, 70కి నడుమ ఊగుతూనే ఉన్నది. అయితే దాని క్రిందనున్న చిన్న అంకెల చక్రాలు మాత్రం రాయికి ఒక అంకె చొప్పున రెండు అంకెలు సరిగ్గా దొర్లినవి.

ఇది గమనింపదగిన విషయం. ముల్లునూ అంకెలనూ నడిపేది ఒకే కేబులు. గేరుబాక్సు తోక భాగంలో ఉన్న చిన్న పళ్ళ చక్రం ఉక్కు తొడుగులోని మెలివేసిన ఉక్కు తీగను తిప్పుతుంది. ఆ తీగ పై కొన మీటరు లోపలి ఇరుసును తిప్పుతుంది. అక్కడినుండి మార్గం రెండుగా చీలుతుంది. అంకెల చక్రాలు చుట్లను లెక్కపెడతాయి. ముల్లు ఆ క్షణపు వేగాన్ని చూపుతుంది. తీగ ఒక క్షణం బిగుసుకొని ఆగి, మరుక్షణం విడివడి గిర్రున తిరిగినా మొత్తం చుట్ల సంఖ్య మారదు కనుక అంకెలకు నష్టం లేదు. ఆగినదీ ఎగిరినదీ అంతా ముల్లుకే తెలుస్తుంది. ఒకే చలనాన్ని ఒకటి సంచితంగా స్వీకరిస్తున్నది, మరొకటి వృత్తులుగా అనుభవిస్తున్నది. అంకెలు నిజం చెబుతున్నాయి కనుక గేరుబాక్సులోని పళ్ళ చక్రం బాగున్నదని కూడా నిశ్చయమైనది. దోషం ఆ తరువాతి మార్గంలో వెదకవలసి ఉన్నది.

విడిభాగాల దుకాణంలో మీటరు మొత్తం తీసివేసి కొత్తది బిగించమని సలహా ఇచ్చారు. కొత్త మీటరు సున్నా నుండి మొదలవుతుంది. పాత అంకెలలో కుమారుడు పుట్టిన నాటి రాత్రి ప్రయాణమూ ఉన్నది, శ్రీశైలం యాత్రా ఉన్నది. ఆ సలహా అంతటితో ముగిసినది.

ఊరి చివర షెడ్డులో పాత కార్లు బాగుచేసే మెకానిక్ ఒకరు ఉన్నారు. మీటరు వెనుకనుండి కేబులు ఊడదీసి, ముల్లును వేలితో తాకకుండానే పరిశీలించి ఆయన అన్న మాట ఇది:

"ముల్లుకేం జబ్బు లేదండి మాస్టారూ. దాని దగ్గరికి వచ్చే తిప్పుడే కుదుపులు కుదుపులుగా వస్తంది. అది ఉన్నదున్నట్టు చూపిస్తంది, అంతే."

ఆచార్యులు ఈ వాక్యం విని కొంతసేపు మౌనంగా ఉండిపోయారు. ముల్లు అబద్ధం చెబుతున్నదని అందరూ అనుకొన్నారు. అది తనకు అందిన కంపాన్ని యథాతథంగా నివేదిస్తున్నది. చిత్తవృత్తులను నిందించే సాధకులు అనేకులు ఉన్నారు. ఆ వృత్తులకు కుదుపును అందిస్తున్న మార్గంలో ఎక్కడ మెలిక ఉన్నదో వెదకేవారు తక్కువ. ముల్లుకు బరువు కట్టి ఆపడం ఎవరికైనా సాధ్యమే. అటువంటి నిలుకడను సమాధి అని పిలిచేవారు కూడా లేకపోలేదు.

మెకానిక్ తొడుగులోనుండి లోపలి తీగను బయటికి లాగారు. గుడ్డతో తుడిచి, దాని రెండు కొసలను రెండు చేతులతో పట్టుకొని, నడిమి భాగం ఉయ్యాలవలె క్రిందికి వ్రేలాడునట్లు ఉంచారు. ఒక కొసను వ్రేళ్ళతో మెల్లగా తిప్పసాగారు. మంచి తీగ అయితే రెండవ కొస కూడా అంతే మెల్లగా తిరగాలి. ఇది కొంత తిరిగి, ఆగి, పాము ఒళ్ళు విరుచుకొన్నట్లు ఒక్కసారిగా తుళ్ళిపడినది. వ్రేలితో తడిమితే మెలిక దొరికినది. ఎప్పుడో విద్యుత్తు తీగలు మార్చినవారు కేబులు తొడుగును దగ్గరగా వంచి ఇనుప పట్టీ క్రింద దూర్చి కట్టారు. అంత ఇరుకైన వంపులో తిరిగి తిరిగి తీగ అక్కడ చచ్చుబడినది. ఆ వంపు వద్ద తొడుగు లోపల చుక్క తైలం కూడా లేదు. దానికి పైన, మీటరుకు దగ్గరగా, నల్లని గ్రీజు ముద్దగా పేరుకొని ఉన్నది.

కావలసినచోట లేక, కూడనిచోట నిండి ఉండడానికి కారణం ఉన్నది. ఈ తీగ మెలివేసినది కనుక తిరుగుతున్నప్పుడు మరమేకువలె గ్రీజును పైకి ఎక్కిస్తుంది. అందువలన పై కొసన జానెడు మేర పొడిగా వదలి, క్రింది భాగానికి మాత్రమే పలుచగా పూయాలి. ప్రతి ఏటా సర్వీసు చేసినవారు మంచి చేస్తున్నామనుకొని కొసదాకా దట్టంగా పట్టించారు. ఆ గ్రీజు మెట్టు మెట్టుగా ఎక్కి మీటరు గర్భంలోకి చేరినది. సంస్కృతంలో నూనెకూ ప్రేమకూ పేరు ఒకటే: స్నేహం. ఆచార్యులు ఈ శ్లేషను కుమారుని వైపు చూడకుండానే మెకానిక్‌కు వివరించారు. ఆయన నవ్వి, "ఎక్కువైతే ఏదైనా అంతేనండి," అన్నారు.

మీటరు పెట్టె అంచును చిన్న స్క్రూడ్రైవరుతో కొద్దికొద్దిగా లేపి తెరిచినప్పుడు లోపల కనిపించినది వేదాంత విద్యార్థికి కళ్ళపండువైన దృశ్యం. కేబులుతో కలిసి తిరిగేది ఒక చిన్న అయస్కాంతం. దానిని కప్పుతూ బోర్లించిన పలుచని అల్యూమినియం గిన్నె. ఆ గిన్నె ఇరుసుకే ముల్లు, వెంట్రుక వంటి ఒక చుట్టల స్ప్రింగు. అయస్కాంతానికీ గిన్నెకూ ఎక్కడా స్పర్శ లేదు. పైగా అల్యూమినియాన్ని అయస్కాంతం ఆకర్షించదు. అయినా అయస్కాంతం తిరిగితే గిన్నె కదులుతుంది. తిరిగే అయస్కాంత క్షేత్రం వలన గిన్నె లోహంలో సుడులవంటి విద్యుత్ ప్రవాహాలు పుడతాయి. అవి గిన్నెను అయస్కాంతం తిరిగే దిక్కుకే లాగుతాయి. స్ప్రింగు వెనుకకు లాగుతుంది. ఈ రెండు బలాలు సరితూగినచోట ముల్లు నిలుస్తుంది. వేగం పెరిగితే లాగుడు పెరుగుతుంది, ముల్లు మరికొంత ముందు నిలుస్తుంది. 1902లో జర్మనీలో ఓటో షుల్ట్జె పేటెంటు పొందిన ఈ ఉపాయమే వంద సంవత్సరాలపాటు లోకంలోని కార్లకు వేగం చెప్పినది.

సన్నిధిమాత్రం చేత ప్రేరణ అన్నది బ్రహ్మసూత్రాల ద్వితీయాధ్యాయం ద్వితీయపాదంలోని ఏడవ సూత్రానికి విషయం. ప్రకృతిని పురుషుడు ఏమీ చేయకుండానే, ఇనుమును అయస్కాంతం కదిలించినట్లు, సన్నిధి చేతనే ప్రవర్తింపజేస్తాడని సాంఖ్యుల వాదం. శంకర భగవత్పాదులు దానిని నిరాకరిస్తూ, పురుషసన్నిధి నిత్యమైనది కనుక ప్రవృత్తి కూడా నిత్యం కావలసి వస్తుందన్నారు. అయస్కాంతం విషయం వేరు. దాని సన్నిధి అనిత్యం. అంతేకాక అది తన పనికి పరిమార్జనాదులను, అనగా తుడిచి శుభ్రం చేయడం మొదలైనవాటిని, అపేక్షిస్తుందని కూడా చెప్పారు. పాఠం చెప్పిన అన్ని సంవత్సరాలలో ఈ 'పరిమార్జనం' అన్న మాటను ఆచార్యులు వేగంగా దాటిపోయేవారు. పూర్వపక్ష ఖండనలో అదొక చిన్న అంశం కదా. ఆ సాయంత్రం మెకానిక్ పుల్లకు దూది చుట్టి, పెట్రోలులో తడిపి, అయస్కాంతానికీ గిన్నెకూ నడుమ అంటుకొన్న గ్రీజును తుడుస్తూ ఉంటే పక్కన దీపం పట్టుకొని నిలబడి చూచారు. దూరంగా ఉండవలసిన రెండింటిని ఆ జిగురు కలిపి ఉంచినది. ముల్లు అందుకే కొన్నిసార్లు సరియైన వేగాన్ని దాటి 70 దాకా ఈడ్వబడినది.

దృష్టాంతాన్ని ఇంకా సాగదీయడం ఉచితం కాదు. ఇక్కడి అయస్కాంతం నిష్క్రియం కాదు, అది తిరిగితేనే పని. సాక్షిచైతన్యానికి దీనిని పోల్చబోయేవారు ఈ ఒక్క భేదం వద్దనే ఆగిపోవాలి.

మెకానిక్ స్ప్రింగు జోలికి పోలేదు, ముల్లును ఇరుసునుండి ఊడదీయలేదు. ఆ రెండింటిలో ఏది జరిగినా కొలత చెడుతుందని, తిరిగి సరిచేయడం తన చేతిలో పని కాదని చెప్పారు. తన పరిధి ఎరిగిన పనివాడు దొరకడం యజమాని అదృష్టం. ఇరుసుకు పలుచని నూనె ఒక్క చుక్క వేసి, పెట్టె మూసి, కొత్త లోపలి తీగను పై జానెడు పొడిగా వదలి తొడుగులో దూర్చారు. ఇనుప పట్టీ విప్పి, తొడుగు విశాలమైన వంపుతో పోవునట్లు మార్గం మార్చారు.

మరునాటి ఉదయం మొదట కుమారుడు నడిపాడు. ముల్లు 50కి చేరి చిత్రంలోని దీపశిఖవలె నిలిచినది. రాళ్ళ లెక్క కట్టారు. 2 కిలోమీటర్లకు 145 సెకన్లు. గంటకు 50కి ఇంచుమించు సరి. కరణదోషం తొలగినది, సంవాదం కుదిరినది. ఉభయ మతాల ప్రకారమూ ఇక ఈ ముల్లు ప్రమాణం.

తరువాత ఆచార్యులు స్టీరింగు ముందు కూర్చున్నారు. కుమారుడు ముల్లు వైపు చూడకుండా, కావాలని పక్కనున్న పొలాల వైపు చూస్తూ ఉన్నాడు. 50 వద్ద స్థిరంగా పోతున్నానని ఆచార్యులకు తోచినది. ముల్లులో వణుకు లేదు. అయితే అది నిలిచి కూడా లేదు. ఏటిలో నీరు తగ్గినంత నెమ్మదిగా 41కి దిగినది. వారికి కాలు సడలినట్లు తెలియలేదు. ముల్లును చూచి కాలు నొక్కితే 58కి పోయినది. మరల 50కి తెచ్చారు. ఒక లారీ దాటిపోవడంతో చూపు దానివైపు మళ్ళినది. తిరిగి చూచేసరికి 39. ఇన్ని నెలలుగా పెద్ద ఊపుల క్రింద ఈ చిన్న జారుడు ఎవరికీ కనబడలేదు.

ఒక చింతచెట్టు నీడలో కారు ఆపారు.

పొగమంచును పొగ అని భ్రమించి కొండ మీద నిప్పు ఉన్నదని నిశ్చయించినవాని ఉదాహరణ వారు ప్రతి సంవత్సరం విద్యార్థులకు చెప్పేవారు. వాని హేతువు దుష్టం. అంతమాత్రాన కొండ మీద నిప్పు లేదని తేలదు.

"అబ్బాయ్, నీ హేతువు తప్పే," అన్నారు. "సాధ్యం మాత్రం తప్పు కాదురా."

కుమారుడు తడబడ్డాడు. "ఈ మాత్రం ఎవరికైనా ఉంటుంది నాన్నగారూ. నేనూ చూసుకోకపోతే అంతే. ఊళ్ళో నెమ్మదిగా వెళ్తే ఏం కాదు."

"మొన్న వణికేటప్పుడు దాని మాట నమ్మావు. ఇప్పుడు కుదురుగా ఉంటే వద్దంటావేమిటి?"

తాళం తిప్పి ఇంజను ఆపి, దిగి, కారు ముందునుండి చుట్టూ నడిచి అవతలి తలుపు వద్దకు వచ్చారు. ఆ నడకలో రెండుసార్లు బానెట్ మీద చెయ్యి ఆనించారు. కుమారుడు లోపలనే పక్క సీటుకు జరిగి స్టీరింగు పట్టుకొన్నాడు. ఇంటికి చేరేవరకు ఇద్దరూ మాట్లాడలేదు.

సోమవారం నాడు చికిత్సకు వెళ్ళేటప్పుడు కారు నడిపినది పక్క వీధి కుర్రవాడు. అతనికి అంబాసిడర్ గేరు కర్ర కొత్త. రెండవ గేరు వద్ద తడుముకొన్నాడు. ఆచార్యులు ముందు సీటులో ఎడమవైపు కూర్చొని, క్లచ్చి పూర్తిగా తొక్కమని, కర్రను తనవైపు లాగి క్రిందికి దించమని చెప్పారు. బజారు దాటిన పిమ్మట ముల్లు 40 వద్ద నిలిచినది. వెనుకనుండి ధర్మపత్ని, గాలి ఆడటం లేదు, ఆ అద్దం కొంచెం దించమన్నారు. ఎప్పుడూ ఆమెకు వీపు తిప్పి రోడ్డును చూస్తూ ఉండే ఆచార్యులు వెనుకకు తిరిగి, చెయ్యి చాచి, హ్యాండిలు నెమ్మదిగా తిప్పారు.